ఒకరినా, ఇద్దరినా? – ఒక ఫ్లూట్ వాద్యకారుడి మట్టి ఈల కథ

(తిరుపతిలో సంగీతమంటే ఇష్టమున్న కొద్దిమందిమి నెలకోసారి కలిసి మాట్లాడుకుంటాం. పోయిన నెల, పిల్లలకు ఫ్లూట్ నేర్పే ఒక మాస్టారు మాట్లాడారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, నా దగ్గర నేర్చుకునే పిల్లలూ ఉన్నారు. వెనక బెంచీ పిల్లలూ, ముందుకి రండి. ఇదేమీ అక్కడ్నుంచి కనిపించేంత పెద్ద వాయిద్యం కాదు. ఇదిగో, చూశారా, నా గుప్పిట్లో సగం దాక్కుంది. కొంచెం లావైన చిలగడదుంపకి మూతి పెట్టినట్టుంది కదా? దీన్ని స్వీట్ పొటేటో అనే పిలిచేవాళ్ళూ ఉన్నారు, నేను వేళాకోళం చెయ్యడం లేదు.

దీని పేరు ఒకరినా. పేరుతోనే మా ఇంట్లో గొడవ. మొదటిసారి ఆర్డర్ పెట్టిన రోజు మా ఆవిడతో, "ఒకరినా తెప్పిస్తున్నా" అన్నాను. వంటింట్లోంచి జవాబు: "ఎవర్నండీ? ఒకరినా, ఇద్దరినా? నేను బియ్యం పోసేశాను." ఆ రోజు నుంచి మా ఇంట్లో దీని పేరు "ఆ ఒక్కరు". ఆ ఒక్కర్ని ఎక్కడ పెట్టారు, ఆ ఒక్కర్ని ఆపండి, పాపకి పరీక్షలున్నాయి. ఇలా.

అసలు మాట ఇటలీ వాళ్ళది. బొలోన్యా వైపు యాసలో చిన్న బాతు (ఇంగ్లిష్‌లో గూస్ అనే రకం) అని అర్థం. దీని ఆకారం చూస్తే మెడ తిప్పి కూర్చున్న బాతులాగే ఉంటుంది. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు నాకిది ఎలా తగిలిందో చెప్పాలి, ఎందుకంటే నేను దీన్ని వెతుక్కుంటూ వెళ్ళలేదు.

మే నెలలో మన తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ సంవత్సరం మా అన్న మనవడికి వేషాలు చూపిద్దామని తీసుకెళ్ళాను. వాడికి వేషాలకన్నా బొమ్మల బండ్లే నచ్చాయి. మట్టి పిట్ట కొనిమ్మన్నాడు. తోకలో ఊదితే కూస్తుంది, వీపు మీద రెండు చిల్లులు. ఇరవై రూపాయలు. ఇంటికొచ్చేలోపు వాడికి విసుగు పుట్టింది, పిట్ట నా చేతికొచ్చింది.

ముప్ఫై ఏళ్ళు ఫ్లూట్ ఊదినవాణ్ణి కదా, చెయ్యి ఊరుకుంటుందా? రెండు చిల్లులూ మూసి ఊదాను, ఒక స్వరం. మూతికి దగ్గరున్న చిల్లు తెరిచాను, కొంచెం హెచ్చు స్వరం. సరే. అది మూసి, దూరంగా ఉన్నది తెరిచాను. అదే స్వరం. మళ్ళీ ఊదాను. అదే! రెండూ తెరిస్తే ఇంకా హెచ్చు.

ఫ్లూట్ పిల్లలూ, మీకు అర్థమైందా ఇందులో వింత ఏమిటో? మన వేణువులో ఏ రంధ్రం ఎక్కడుందన్నదే ప్రాణం. మూతికి దగ్గర రంధ్రం తెరిస్తే హెచ్చు స్వరం, దూరం రంధ్రం తెరిస్తే తగ్గు స్వరం. వెదురు మీద రంధ్రం ఒక గోరంత అటు పడితే ఆ వేణువు పొయ్యిలోకి పనికొస్తుంది. మరి ఈ పిట్టకి ఎక్కడ చిల్లు ఉన్నా ఒకటేనా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిట్టని ఊదుతూ కూర్చున్నాను. ఇంట్లో వాళ్ళకీ నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

సంగతి ఏమిటంటే, ఇది గొట్టం కాదు, కుండ. వేణువులో గాలి గొట్టం పొడవునా ఊగుతుంది. రంధ్రం తెరిస్తే గొట్టం పొట్టిదైనట్టు. కుండలో అలా కాదు, లోపలున్న గాలి మొత్తం ఒక స్ప్రింగులాగా ఒకేసారి అణుగుతుంది, పొంగుతుంది. మీరు ఖాళీ సోడా సీసా మూతి మీద అడ్డంగా ఊదారా ఎప్పుడైనా? బుమ్మని పలుకుతుంది కదా. కాసిన్ని నీళ్ళు పోసి ఊదండి, స్వరం హెచ్చుతుంది. లోపల గాలికి చోటు తగ్గింది కాబట్టి. ఇక్కడా రెండే లెక్కలు: కడుపు ఎంత పెద్దది, తెరుచుకున్న చిల్లులన్నీ కలిపి ఎంత వెడల్పు. చిల్లు ఎక్కడుందన్నది దాదాపు పట్టదు. అందుకే దీన్ని చేసేవాళ్ళు చిల్లుల్ని మన వేళ్ళకి వీలైన చోట పెట్టుకుంటారు. ఎంత సుఖం! వేణువు వేళ్ళని చాపమంటుంది, ఇది నీ వేళ్ళెక్కడుంటే అక్కడికే వస్తానంటుంది.

ఇదేదో ఇటలీ వాళ్ళు కనిపెట్టిన వింత అనుకోకండి. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో మట్టి పిట్ట ఈలలు దొరికాయి. చైనాలో షూన్ అనే గుడ్డు ఆకారపు మట్టి ఊదుడు వాయిద్యం ఏడు వేల ఏళ్ళ నాటిది. మెక్సికో వైపూ ఉన్నాయి. మట్టి ఉన్న ప్రతిచోటా ఎవడో ఒకడు ఉండ చేసి, బోలు చేసి, ఊదాడు. ఇటలీలో బొలోన్యా దగ్గర బుద్రియో అనే చిన్న ఊరు ఉంది. అక్కడ జుసెప్పె దొనాతి అనే కుర్రాడు 1853లో ఇలాంటి మట్టి ఈలకి సరిగమలన్నీ పలికేలా పది చిల్లులు కుదిర్చాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు. ఏయ్, వెనక నవ్వుతున్నావే, నీ వయసెంత? పదహారా? ఇంకా ఏడాది ఉంది నీకు.

ఆ ఊరి వాళ్ళు ఒకరినాలని చిన్నా పెద్దా సైజుల్లో చేసి, బృందంగా వాయించేవాళ్ళు. ఎందుకు బృందం? ఒక్కటి చాలదా? చాలదు. ఈ రోజు నా ఉపన్యాసంలో అసలు సంగతి ఇదే, కొంచెం చెవి పెట్టండి.

వేణువులో మనం ఏం చేస్తాం? అదే వేళ్ళతో గాలి గట్టిగా పెడితే పై స్థాయి పలుకుతుంది. ఒకరినాలో ఎంత గట్టిగా ఊదినా పై స్థాయి రాదు. స్వరం కొంచెం కొంచెం హెచ్చుతుంది, హెచ్చి హెచ్చి చివరికి కీచుమంటుంది. అంతే. ఉన్న చిల్లులతో ఎన్ని స్వరాలొస్తే అన్నే. తర్వాత జపాన్ వాళ్ళు రెండు చిన్న చిల్లులు కలిపి పన్నెండు చేశారు. ఇప్పుడు మామూలుగా దొరికే పన్నెండు చిల్లుల ఆల్టో సి (C) ఒకరినా, అంటే మధ్యరకం సైజుది, అడుగున ఏ (A) నుంచి పైన ఎఫ్ (F) వరకు వెళ్తుంది. లెక్కపెడితే 21 స్వరస్థానాలు, అంటే 21 మెట్లు. మన కచేరీకి మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి తార పంచమం (పై స్థాయి ప) దాకా ఉండాలంటారు కదా? దానికి 25 కావాలి. నాలుగు తక్కువ. ఆ నాలుగే మనల్ని ఏడిపిస్తాయి!

ఇప్పుడు కాగితం తీసుకోండి. సి అంటే మన ఒకటో శ్రుతి, డి అంటే రెండో శ్రుతి. ఆల్టో సి ఒకరినా చేతిలో ఉంది. షడ్జం, అంటే స, ఎక్కడ పెట్టుకుంటారు?

సి మీద పెట్టారనుకోండి. కింద మంద్రంలో చతుశ్రుతి ధైవతం (పెద్ద ద) దాకా దిగొచ్చు, పైన తార మధ్యమం దాకా ఎక్కొచ్చు. మంద్ర పంచమం లేదు. ఈ పద్ధతిలో మోహన రాగం హాయిగా పలుకుతుంది, కింద ధైవతం ఉంది, పైన గాంధారం ఉంది, వేళ్ళు కూడా వరసగా లేపుకుంటూ పోవచ్చు. కానీ మాయామాళవగౌళ రాగానికి కింద శుద్ధ ధైవతం (చిన్న ద) కావాలి, అది ఒక్క మెట్టు కింద ఉండిపోయింది, దొరకదు. మొదట నేర్చుకునే సరళీ వరసలకి ఇబ్బంది లేదు, అవి మధ్య స్థాయిలోనే తిరుగుతాయి కాబట్టి.

డి మీద పెట్టారనుకోండి. ఇప్పుడు మంద్ర పంచమం వచ్చేసింది! సంతోషం. కానీ పైన సాధారణ గాంధారంతో (చిన్న గ) రోడ్డు అయిపోయింది. మోహనానికి కావలసిన అంతర గాంధారం (పెద్ద గ) పైన లేదు. హిందోళ రాగం అయితే బ్రహ్మాండం, దాని గాంధారం సాధారణ గాంధారమే కదా. ఒక చిక్కుంది. హిందోళంలో గాంధారాన్ని ఊపాలి, మధ్యమం వైపు తాకుతూ ఊపాలి. పైన గాంధారమే ఆఖరి మెట్టయితే ఊపడానికి చోటెక్కడుంది? గాలితో నెట్టి ఊపాలి. వస్తుంది, రాకపోదు, ఆరు నెలలు పడుతుంది. నాకు పట్టింది.

కాబట్టి మొదటి ఒకరినా కొనేటప్పుడు రంగు కాదు చూడాల్సింది, బొమ్మ కాదు. నేను ఏం వాయిస్తాను, నా షడ్జం ఎక్కడ? ఇది అడగాలి. ఆడపిల్లల పాటకి తోడు వాయించాలనుకునేవాళ్ళకి ఐదో శ్రుతి కావాలి, వాళ్ళు జి ఒకరినా అడగాలి. దాని షడ్జం జి మీద పెడితే ఇదే లెక్క, కింద ధైవతం, పైన మధ్యమం. ఏ ఒకరినా అయినా దాని పేరు ఏ స్వరమో దాన్ని షడ్జం చేసుకుంటే అదే కొలత. ఇది గుర్తుపెట్టుకుంటే దుకాణంవాడు మిమ్మల్ని మోసం చెయ్యలేడు.

నన్ను మాత్రం చేశాడు! నా మొదటిది చెప్తాను. నెట్‌లో చూశాను, నీలం రంగు, మెరుపు, మీద బంగారు బొమ్మ. అచ్చం ఏదో వీడియో గేమ్‌లోదిలా ఉందని నా శిష్యుడొకడు చెప్పాడు. 1998లో నింటెండో వాళ్ళ గేమ్ ఒకటి వచ్చింది, అందులో హీరో ఒకరినా వాయిస్తాడు, ఆ గేమ్ వల్లే ప్రపంచంలో చాలామందికి దీని పేరు తెలిసింది. సార్ కొనండి సార్, సూపరుంటుంది అన్నాడు. కొన్నాను. ఆరు చిల్లులది, మెడలో వేసుకునేది. షడ్జం సరిగ్గా ఉంది. రిషభం పర్వాలేదు. గాంధారం దగ్గరికొచ్చేసరికి అది అంతరమూ కాదు, సాధారణమూ కాదు, మధ్యలో ఇద్దరికీ చెందకుండా నిలబడింది. తంబురా పెట్టి ఊదితే, మా ఆవిడ లోపల్నుంచి "ఆ ఒక్కరికి ఒంట్లో బాగాలేదా?" అంది.

తప్పు కొంత నాది కూడా. ఫ్లూట్ వాణ్ణి కదా, అన్ని స్వరాలకీ ఒకే గాలి పెట్టాను. ఒకరినా అలా ఒప్పుకోదు. కింది స్వరాలకి వేడి పాలు ఊదుకున్నంత గాలి చాలు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పెంచాలి. గాలి ఎక్కువైతే హెచ్చిపోతుంది, తక్కువైతే దిగిపోతుంది. గట్టిగా వాయించడం, మెల్లగా వాయించడం అని మనం అనుకునేది ఇక్కడ లేదు, గట్టిగా అంటే అపశ్రుతి. మంచి వాయిద్యంలో గాలి మెట్టుమెట్టుకి సమానంగా పెరుగుతుంది. చెడ్డదానిలో ఒక స్వరానికి పొయ్యి ఊదినట్టు, పక్కదానికి దీపం ఊదినట్టు. నా నీలం సుందరి రెండో రకం.

అందుకే, నెట్‌లో కొంటే అమ్మేవాళ్ళని ఒకటే అడగండి. పాట వాయించిన వీడియో వద్దు. పాటలో అపశ్రుతిని దాచడం మనందరికీ తెలిసిన విద్యే కదా? అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఒక్కొక్కటి ఆపి ఆపి వాయించి పంపమనండి. ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టుకుని వినండి. చివరి రెండు స్వరాలు, అంటే ఇ (E), ఎఫ్ (F), బుస్సుమంటే వదిలెయ్యండి.

రెండో ఒకరినాగా నేను ప్లాస్టిక్‌ది కొన్నాను. అదిగో, నాకు తెలుసు, ముందు వరసలో పెద్దాయన మొహం ముడుచుకున్నారు. అయ్యా, నేనూ ముడుచుకున్నాను. ప్లాస్టిక్ వాయిద్యమా, వెదురు పట్టిన చేత్తోనా అని. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకి ప్లాస్టిక్ ఒకరినాలే ఇచ్చారు, జేబులో వేసుకున్నా పగలవని. మంచి అచ్చులో పోసిన పన్నెండు చిల్లుల ప్లాస్టిక్‌ది, ఆల్టో సి, శ్రుతి శుద్ధంగా ఉంటుంది, ప్రతి ముక్కా ఒకేలా వస్తుంది. నా అభిప్రాయం అడిగితే మొదటిది ఇదే కొనండి. మట్టిది ఆ తర్వాత. నాలుగు చిల్లులవి, 1960ల్లో జాన్ టేలర్ అనే ఇంగ్లిష్ ఆయన కుదిర్చిన పద్ధతి, అందమైనవే. నాలుగు వేళ్ళని రకరకాలుగా మూసి తెరిచి ఒక స్థాయి మొత్తం తీస్తారు. చిన్నపిల్లలకి బాగుంటాయి. రాగం కావాలనుకునేవాళ్ళకి చాలవు. రెండు మూడు కడుపులు అతికించినవి కూడా ఉన్నాయి, వాటితో రెండు స్థాయిలు దాటొచ్చు. మొదటిసారికి మాత్రం వద్దు. సైకిలు రానివాడు లారీ కొన్నట్టుంటుంది.

చేతిలో పట్టుకునేటప్పుడు ఒకటి గమనించండి. పై స్వరాలకి వెళ్ళేసరికి బొటనవేళ్ళు కూడా లేపెయ్యాలి. అన్ని వేళ్ళూ లేచాక దాన్ని ఎవరు పట్టుకుంటారు? దేవుడా? కుడి చిటికెన వేలు తోక మీద ఆనించి, పెదవితో పట్టాలి. నా మొదటి మట్టి ఒకరినా ఇలాగే తార మధ్యమం దగ్గర జారి, మా హాల్లో టైల్స్ మీద పడి, ఏడు ముక్కలు. సప్తస్వరాలు అనుకున్నాను. మెడలో తాడు వేసుకోండి, సిగ్గుపడకండి.

ఆ ముక్కలు తీసుకుని పలమనేరు వెళ్ళాను. మన పాత చిత్తూరు జిల్లాలో మట్టిబొమ్మలకి ఆ ఊరికున్న పేరు మీకు తెలుసు. అక్కడొక పెద్దాయన, చక్రం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కలు చూపించి, "ఇట్లాంటిది చేస్తావా మామా?" అన్నాను. ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు. "చెయ్యొచ్చు సామీ. శ్రుతి మాత్రం నన్ను అడగొద్దు. పచ్చిదాంట్లో కొలిచి పెడితే, కాల్చినాక అది మన మాట వినదు" అన్నాడు. ఆయన సంగీతం నేర్చుకోలేదు, కానీ మొత్తం శాస్త్రం ఒక్క ముక్కలో చెప్పేశాడు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. మట్టిని బట్టి పదో వంతు దాకా పోతుంది. కడుపు చిన్నదైతే స్వరం హెచ్చుతుంది కదా? పదో వంతు అంటే దాదాపు రెండు మెట్లు. పచ్చిగా ఉన్నప్పుడు షడ్జం పలికింది, కాలాక శుద్ధ రిషభం దాటి కూర్చుంటుంది. అందుకే మట్టి ఒకరినా మంచిది చేసేవాళ్ళు తమ మట్టి ఎంత కుంచించుకుంటుందో ఏళ్ళ తరబడి చూసి, ఆ లెక్క కలుపుకుని పెద్దదిగా చేస్తారు. ధర ఎందుకంత అని అడక్కండి ఇక. మేమిద్దరం నాలుగు చేశాం. మూడు మామిడి పిందెల్లా అల్మారాలో ఉన్నాయి. నాలుగోది ఒకటో శ్రుతికీ రెండో శ్రుతికీ మధ్య ఎక్కడో పలుకుతుంది, కానీ దానిలో దానికి శ్రుతి కుదిరింది. దాన్ని ఒంటరిగా వాయిస్తాను. తంబురా యాప్‌ని దానికే సర్దుకోమంటాను.

ఎండ సంగతి కూడా చెప్పాలి, మనది తిరుపతి. గాలి వేడెక్కితే స్వరం హెచ్చుతుంది. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఒక మెట్టులో దాదాపు మూడో వంతు హెచ్చుతుంది. ఏసీ గదిలో సరిచూసుకుని మే నెలలో మిద్దె మీదికెళ్ళి వాయిస్తే తంబురాతో కలవదు. వాయిద్యాన్ని తిట్టకండి. గాలి తగ్గించండి.

ఏంటమ్మా, అడగండి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పలుకుతాయా అని. పలుకుతాయమ్మా. వేలు ఒక్కసారి లేపకుండా అంచు నుంచి మెల్లగా ఒలిచినట్టు తీస్తే జారు వస్తుంది, వేణువు మీద కన్నా నున్నగా వస్తుంది. ఏ చిల్లు ఎంత తెరిస్తే అంత హెచ్చుతుంది కాబట్టి మెట్ల మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు. పలకదన్నవాళ్ళు దాన్ని హార్మోనియంలాగా వాయించి చూసి ఉంటారు. కానీ వేణువు ఇచ్చే ఆ గరుకు, ఆ ఊపిరి చప్పుడు ఇందులో తక్కువ. నాదం నీళ్ళలాగా ఉంటుంది, రంగు ఉండదు. కొందరికి అదే నచ్చదు. మా గురువుగారికి నచ్చలేదు, "బాగుంది, ఇక వేణువు తియ్యి" అన్నారు.

ఇంకొకటి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి. ఆల్టో సి పై స్వరం 1400 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కిటికీలు వేసుకోండి. మా పక్కింటాయన ఒకరోజు తలుపు కొట్టి, "సార్, మీ కుక్కర్ పావుగంట నుంచి ఈల వేస్తూనే ఉంది, ఎవరూ లేరా?" అన్నాడు. కింది స్థాయిలో పలికే బాస్ సి ఉంది, మెత్తగా ఉంటుంది, కానీ పెద్దది, పిల్లల వేళ్ళకి అందదు, ధర కూడా ఎక్కువ.

సరే, నేను ఐదు తెచ్చాను, ఆ బల్ల మీద పెట్టాను. ప్లాస్టిక్‌వి రెండు, మట్టివి రెండు, ఆ నీలం సుందరి ఒకటి. ఊది చూడండి, ఒకరి తర్వాత ఒకరు ఊదేముందు మూతి ఆ గుడ్డతో తుడవండి. ప్లాస్టిక్‌ది కాసేపు ఊదితే తడి చేరి గొంతు మూసుకుపోతుంది, అప్పుడు పలచని కాగితం ముక్క గాలి దారిలోకి పెట్టి తీస్తే చాలు. పైనున్న ఆ కిటికీలాంటి చిల్లు అంచుని మాత్రం గోటితో గీకకండి, స్వరం పుట్టేది అక్కడే. ఇంకో మాట, ఇప్పుడే ఉప్మా తిన్నవాళ్ళు ముందు నోరు పుక్కిలించి రండి. పోయినసారి నేను దాంట్లోంచి ఆవగింజ తీశాను.